ఆళ్వారు చూపిన రోగి

తిరుమల ఆలయమున శ్రీవారి గర్భాలయమునకు గల రాతి గడపను కులశేఖరపడి యందురు. చేరదేశమును పాలించిన కులశేఖరాళ్వారు రాజ్యమును గాని, ఇంద్రపదవిని గాని కోరక, ఈ కొండమీద ఏదో యొకటిగా పుట్టి యుండుటయే చాలునని వేడుకొనిరి. పుష్కరిణిలో కొంగగా, సెలయేటిలో చేపగా, సంపెంగ చెట్టుగా, కొండమీది బాటగా, చివరకు దేవతలును భక్తులును త్రొక్కి నడచు మెట్టుగా పడియుండి స్వామి ముఖమును చూచుచుండవలెనని ఆయన కోరిక. పెరుమాళ్ తిరుమొళి నాల్గవ దశకమునందలి ఈ కోరిక యాత్రికులలో అనేకులకు తెలిసినదే. ఆ గడపకు ఆయన పేరు వచ్చినది అందువలననే.

దాని వెంటనే వచ్చు ఐదవ దశకము తెలుగు ఇండ్లలో అంతగా వినబడదు. అది కేరళదేశమునందలి తిరువిత్తువక్కోడు దివ్యదేశపు స్వామిని గూర్చినది. అందు ఆళ్వారు ఒక ఉపమానము వెంట మరియొక ఉపమానము చెప్పుచు పోవుదురు. కన్నతల్లి కోపముతో త్రోసివేసినను ఆమెకొరకే ఏడ్చు పసిబిడ్డ యొకచోట. నడిసముద్రమున ఓడకొయ్యను విడిచి ఎగిరి, ఎటు చూచినను తీరము కానరాక, మరల ఆ కొయ్యమీదికే వచ్చి వ్రాలు పక్షి యొకచోట. వీని నడుమ ఒక రోగి కనబడును. వైద్యుడు కత్తితో కోసినను, నిప్పుతో కాల్చినను ఆ రోగికి వైద్యునియందు ప్రీతి తరుగదు. స్వామి ఎంత దుఃఖమును కలిగించినను తాను ఆ రోగివలె ఆయన దయకొరకే ఎదురుచూతునని ఆళ్వారు విన్నవించుకొనిరి.

ఈ ఉపమానమును నేటివారు వినునప్పుడు ఒక విషయము మరువరాదు. బోస్టను నగరమున ఈథరు ఆవిరిచేత రోగికి మత్తు కలిగించి శస్త్రచికిత్స చేయుటను పదిమంది ఎదుట చూపినది 1846లో. ఆళ్వారు కాలము అంతకు ఎన్నో వందల ఏండ్ల ముందటిది. ఆయన చూచిన రోగి మేలుకొనియే యున్నాడు. కత్తి వచ్చుట చూచుచున్నాడు. కాల్చిన కమ్మి వాసన ఎరుగును. నొప్పి తగ్గిన పిమ్మట వైద్యునికి దండము పెట్టుట ఎవరికైనను సాధ్యమే. ఆళ్వారు చెప్పినది కత్తి దేహముమీద నున్నప్పటి ప్రీతి. ఆ రోగి చివరకు బ్రతికినాడో లేదో ఆయన చెప్పనే లేదు.

* * *

ఇంటిలో బిడ్డకు జబ్బు చేసినప్పుడు పెద్దల నడుమ ఒక వాదము పుట్టుట కలదు. ముడుపు కట్టితిమి గదా, ఏడుకొండలవాడే చూచుకొనును, ఆసుపత్రికి పరుగెందుకని ఒకరు. ఆసుపత్రి యుండగా ఈ ముడుపులెందుకని మరియొకరు. ఇరువురిదియు ఒకే పొరపాటు. స్వామి ఒకచోటను, మందు వేరొకచోటను ఉన్నవని ఇరువురును తలంచుచున్నారు.

విష్ణుసహస్రనామ పారాయణము జరుగు ఇండ్లలో ఈ వాదమునకు తావుండరాదు. వైద్యుడు, ఔషధము, భేషజము, భిషక్కు అనునవి ఆ వేయి నామములలోనివే. రోగమన సంసారమనియు, ఔషధమన తరణోపాయమనియు పెద్దలు అన్వయింతురు. ఆ అర్థమే ప్రధానము. అయినను, సకల వస్తువులకును అంతర్యామి ఆయనయేయని నమ్మువారు వేరులోను, ఆకులోను ఉన్న గుణమునకు మరియొక యజమానిని ఎక్కడ వెదకుదురు?

ఇది పుస్తకములలో మాత్రము నిలిచిన మాట కాదు. కాంచీపురమునకు సమీపమున పాలారు, చెయ్యారు, వేగవతి నదులు కలియుచోట తిరుముక్కూడల్ అను ఊరున్నది. అచ్చటి వేంకటేశ పెరుమాళ్ ఆలయమున వీరరాజేంద్రచోళుని కాలపు (1063-1070) పెద్ద శాసనమొకటి కలదు. ఆలయపు ఖర్చులతోపాటు, ఆలయమునకు చేరిన వేదపాఠశాలను గూర్చియు, ఆసుపత్రిని గూర్చియు అందు వ్రాయించిరి. ఆసుపత్రిలో 15 పడకలు, ఒక వైద్యుడు, ఒక శస్త్రవైద్యుడు, మూలికలు తెచ్చువారు, రోగులకు పరిచర్య చేయు స్త్రీలు. ఎవరికెంత ధాన్యము ముట్టవలెనో కూడ చెక్కించినారు. నిలువ యుంచవలసిన మందుల పట్టికలో దశమూల హరీతకి, బిల్వాది ఘృతము వంటి పేళ్ళు కనబడును. స్వామి కైంకర్యములకు ఇంత, రోగుల మందులకు ఇంత అని ఒకే శాసనమున లెక్క వ్రాసిన ఆనాటివారికి గుడియు, వైద్యశాలయు రెండు లోకములుగా తోచలేదు. నేడు తిరుపతిలో దేవస్థానమువారి ఆదరణతో నడచుచున్న స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులను చూచి ఇది క్రొత్త పోకడయని తలంచువారు ఆ శాసనమును గూర్చి తెలిసికొనవలెను. 2021లో ఆ కొండ పాదముననే పసిపిల్లల గుండెజబ్బులకు ఒక ప్రత్యేక వైద్యాలయము కూడ వెలసినది.

* * *

విజ్ఞానశాస్త్రము మనుష్యునికి ఏమి ఇయ్యగలదో, ఎక్కడ ఆగిపోవునో తెలియుటకు ఒక తెలుగు బిడ్డ జీవితము చాలును. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. స్ప్రూ అను వ్యాధి, మన వైద్యులు గ్రహణి యనునట్టిది, ఆయన సోదరులను కబళించినది. తానును దాని పాలబడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచేత బ్రతికి బయటపడెను. యౌవనమున రామకృష్ణ మఠమున చేరి సన్యసింపవలెనని ఆయన కోరిక, తల్లి ఒప్పుకొనలేదు. మదరాసులో వైద్యము చదివి, 1920ల తొలినాళ్ళలో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ అను ఔషధసంస్థలో చేరినాడు. అచ్చట ఆయన నడిపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును పరిశోధనశాలలో తయారు చేయగలిగినది.

ఈ ఆమ్లపు కథ కొంత వినదగినది. 1930 ప్రాంతమున బొంబాయి నూలుమిల్లులలో పనిచేయు పేద స్త్రీలు గర్భవతులైనప్పుడు ఘోరమైన రక్తహీనతకు లోనగుచుండిరి. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు వారికి ఈస్టు సారమునిచ్చి నయము చేసినది. ఆ సారములో ఉన్న గుణమేమిటో ఆమెకును అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలోని టెక్సాసు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరను కాచి, వడచి, లేశమాత్రముగా ఒక పదార్థమును వేరుచేసి, లాటిను భాషలో ఆకు అను అర్థమిచ్చు మాటనుండి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. గీతలో స్వామి భక్తితో తనకు ఇయ్యదగినవానిని చెప్పుచు మొదట పేర్కొనినది ఆకునే. ఆయన తిరిగి ఇచ్చినది కూడ ఆకులో పెట్టియే యని ఒక గృహిణి అనుకొనినచో తప్పు పట్టవలసినదేమియు లేదు.

నేడు పల్లెలలో గర్భిణులకు ఇనుముతో చేర్చి ఇచ్చు ఎర్రని మాత్రలో ఉన్నది ఈ ఆమ్లమే. గర్భము నిలుచుటకు ముందునుండియే దీనిని తీసికొనినచో, శిశువునకు వెన్నుపాము, మెదడు సరిగా రూపొందకపోవు లోపము చాలవరకు తప్పునని 1991లో వెలువడిన పరిశోధన నిరూపించినది. ఆ మాత్రను మ్రింగు తల్లికి సుబ్బారావు పేరు తెలియదు. మ్రింగుటకు తెలియనక్కరలేదు కూడ. ఆయన సోదరులను తీసికొనిపోయిన గ్రహణికిని ఈ మందు ఉపకరించును. కాని అది చేతికి వచ్చినది 1945లో. వారికి అది అందలేదు.

ఇక్కడితో ఆగినచో కథ విజ్ఞానపు జయగాథవలె ముగిసియుండును. అది ఆగలేదు. బోస్టనులో పసిపిల్లలకు వచ్చు రక్తపు క్యాన్సరునకు మందు వెదకుచున్న సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు, ఫోలిక్ ఆమ్లపు జాతికి చెందిన పదార్థములను రోగులకు ఇచ్చి చూచెను. వ్యాధి తగ్గుటకు మారుగా విజృంభించినది. తల్లికడుపులో శిశువును పెంచు ఆహారమే ఆ దుష్టకణములను కూడ పెంచినది. తగవరితనము లేని దాతవలె ఆకు ఇరువురికిని పెట్టినది. అప్పుడు సుబ్బారావు బృందమువారు, రూపమున ఫోలిక్ ఆమ్లమును పోలియుండియు దాని పనిని చేయని అమినాప్టెరిన్ అను పదార్థమును తయారుచేసి ఫార్బరునకు పంపిరి. కణము దానిని తన ఆహారమని భ్రమించి పట్టుకొనును. పట్టుకొని, పెరుగజాలక నశించును. ఆ మందు పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి ఉపశమించినదని ఫార్బర్ 1948 జూనులో ప్రకటించెను. అంతవరకు ఆ జబ్బు వచ్చిన బిడ్డను ఇంటికి తీసికొనిపొమ్మనుటయే వైద్యుడు చేయగలిగినది.

ఆ పదిమంది లేచి ఆడుకొనిరి. కాని ఆ ఉపశమనము కొద్దికాలమే. వ్యాధి మరల తిరిగి వచ్చెను. ఆ సంవత్సరము ఆగస్టులో సుబ్బారావు తన 53వ ఏట ఆకస్మికముగా మరణించెను. విడిచివచ్చిన దేశమును ఆయన మరల చూడలేదు. ఆ మందునకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇతర ఔషధములతో కలసి నేటికిని వాడుకలో ఉన్నది. మంచి వైద్యకేంద్రములలో, పిల్లలకు ఎక్కువగా వచ్చు ఆ రకపు రక్తక్యాన్సరు నుండి పదిమందిలో తొమ్మిదిమంది వరకు నేడు కోలుకొనుచున్నారు. దీని విలువను తక్కువ చేసి మాటలాడుట కృతఘ్నత.

అయినను 1948లో, బిడ్డ లేచి ఆడుకొనుట చూచి, మరల పడకకు చేరుట చూచిన ఆ తల్లికి ఏమి చెప్పవలెను? నీ బిడ్డవలన తెలిసినది రేపటి బిడ్డలను కాపాడునని శాస్త్రజ్ఞుడు చెప్పగలడు. అది నిజము. కాని ఆమె అడిగినది రేపటి బిడ్డను గూర్చి కాదు. వ్యాధి ఎట్లు వచ్చెను, కణము ఎట్లు పెరిగెను, మందు ఏల పనిచేయుట మానెను అను ప్రశ్నలకు విజ్ఞానము నానాటికి చక్కని సమాధానములు చెప్పుచున్నది. నా బిడ్డకే ఏల యను ప్రశ్న దాని పరిధిలో లేదు. శాస్త్రజ్ఞులలో మంచివారు ఆ సంగతిని దాచరు.

* * *

విజ్ఞానము మౌనము వహించినచోట ధర్మపన్నాలు చెప్పువారు నోరు తెరచుట లోకమున కనబడును. బిడ్డను పోగొట్టుకొనిన ఇంటికి పరామర్శకు వచ్చి, పూర్వజన్మమున ఏమి చేసితిరో యని నిట్టూర్చి పోవువారున్నారు. మొక్కులో లోపము జరిగినదేమోయని గుసగుసలాడువారు మరికొందరు. కర్మసిద్ధాంతము శాస్త్రసమ్మతమే, దానిని పట్టుకొను చేతియందున్నది దోషము.

మనుష్యస్వభావము లెక్కలలో పడినది. ఇంత ఇచ్చితిని, ఇంత రావలెను. శ్రీవారికి వడ్డికాసులవాడని పేరు పెట్టి, ఆయనయే తమవద్ద లెక్క చూచుచున్నాడని జనులు ముచ్చటించుకొందురు గాని, నిజమునకు పద్దు వ్రాయువాడు భక్తుడే. మొక్కులను ఎగతాళి చేయుట తగదు. తనను సేవించు నలుగురిలో ఆర్తుని గీతాచార్యుడు ముందుగా చెప్పెను. ఆపదమొక్కులవాడను పేరును స్వామి చేపట్టెను. బిడ్డ జబ్బు నయమైనప్పుడు వైద్యునికి రుసుమును, స్వామికి తలనీలములును ముట్టును. పది రాత్రులు నిదుర మాని మంచము ప్రక్క కూర్చుండిన తల్లికి మాత్రము ఎవరును ఏమియు ఇయ్యరు. ఆమెయు ఏ పద్దును వ్రాయలేదు. నయము కానప్పుడే చిక్కు. పద్దు కుదరలేదని భక్తుడు స్వామిమీదనైన కోపించును, తనమీదనైన నేరము మోపుకొనును. పద్దునే చింపివేసిన మహాత్ముడొకడు శ్రీవైష్ణవ సంప్రదాయమున కలడు.

కూరేశులు భగవద్రామానుజుల ప్రియశిష్యులు. కాంచీపురమునకు దగ్గరి కూరము వారి స్వస్థలము. అపారమైన ఐశ్వర్యమును విడిచి శ్రీరంగము చేరి, శ్రీభాష్య రచనయందు ఆచార్యునకు కుడిభుజమై నిలిచినవారు. తిరుముక్కూడల్ లో రోగులకు 15 పడకలు వేయించిన చోళసింహాసనముమీదనే పిమ్మట వైష్ణవద్వేషి యొకడు కూర్చుండెనని గురుపరంపరా గ్రంథములు చెప్పును. ఒకే పీఠము, ఒకనాడు మందు, ఒకనాడు కత్తి. ఆ రాజు రామానుజులను పిలిపింపగా, ఆచార్యుని కాషాయమును తాము ధరించి కూరేశులు సభకు వెళ్ళిరి. వృద్ధులైన మహాపూర్ణులు తోడు వెళ్ళిరి. రాజును ఇందుకు పురికొల్పినవాడు నాలూరాన్, కూరేశులవద్ద చదివినవాడే. ఆ సభలో ఇరువురి కన్నులును పోయినవి. మహాపూర్ణులు తిరుగుదారిలో పరమపదించిరి. కూరేశులు చీకటితో బ్రతికిరి.

ఏండ్లు గడచి, రామానుజులు మేల్కోట నుండి శ్రీరంగమునకు తిరిగి వచ్చి శిష్యుని ముఖమును చూచి కుమిలిపోయిరి. నా మూలముననే గదా యని ఆయన శోకము. కూరేశులు ఆచార్యునే ఓదార్చుచు, ఎన్నడో ఏ భాగవతుని ఊర్ధ్వపుండ్రమో వంకరగా నున్నదని మనసున తలంచియుందుననియు, దాని ఫలమే యిది యనియు చెప్పిరట. కర్మను గూర్చిన మాట ఇక్కడ కూడ వచ్చినది. కాని ఆయన దానిని తన విషయముననే చెప్పుకొనిరి. అదియు ఎదుటివాని దుఃఖమును దించుటకు. పరామర్శకు పోవు పెద్దలు ఈ తేడాను గమనింపవలసి యున్నది.

రామానుజులు అంతటితో ఊరకుండలేదు. ఇది కర్మఫలము, ఓర్చుకొనుమని చెప్పలేదు. కాంచికి వెళ్ళి వరదరాజస్వామిని స్తుతించి కన్నులను అడుగుమని ఆజ్ఞాపించిరి. దేహబాధకు నివారణ కోరుట శరణాగతికి విరుద్ధమనువారికి ఈ ఆజ్ఞయే సమాధానము. రోగమునకు మందు వెదకుట, నయము కావలెనని ప్రార్థించుట ఆచార్యుడు స్వయముగా నడువుమన్న త్రోవ.

కూరేశులు వెళ్ళిరి. వరదరాజస్తవమును విన్నవించిరి. స్వామి ప్రసన్నుడై ఏమి కావలెనని అడుగగా, తాను పొందు గతిని నాలూరాను కూడ పొందవలెనని వేడుకొనిరి. కన్నుల మాట ఎత్తలేదు. తన చీకటికి కారకుడైనవాడు వెలుగులోనికి రావలెనను తలంపు ముందుగా నాలుకమీదికి వచ్చినది. వరము లభించెను. కన్నులు వచ్చినవా యని వినువారు అడుగుదురు. పిమ్మట స్వామిని, ఆచార్యుని మాత్రము దర్శించునంత చూపు ఆయనకు అనుగ్రహింపబడెనని కొందరు పెద్దలు చెప్పుదురు. లోకవ్యవహారమునకు ఆయన అంధులుగనే ఉండిరి. ఆళ్వారు చూపిన రోగి ఎట్టివాడో కూరేశులను చూచినచో తెలియును. కోత జరిగినది, గాయము పూర్తిగా మానలేదు, ప్రీతి తరుగలేదు.

ఇది అందరికిని ఒక్కనాట వచ్చునది కాదు. బిడ్డను పోగొట్టుకొనిన తల్లిని కూరేశులవలె ఉండుమనుటకు ఎవరికిని అధికారము లేదు. ఆమె కొండకు రాకపోవచ్చును. ఇంటిలోని పటమును గోడవైపునకు త్రిప్పి పెట్టవచ్చును. ఆళ్వారు చెప్పిన పక్షి కూడ కొంతదూరము ఎగిరిపోయినదే. ఓడకొయ్య దానిని తిట్టలేదు. అక్కడనే నిలిచి యున్నది.

తిరుమల క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చుండి, ఒకరి వెనుక ఒకరు బంగారువాకిలి వైపు కదలు జనములో, గుండెకు శస్త్రచికిత్స జరిగి కోలుకొనిన బిడ్డను భుజముమీద నెత్తుకొనిన తండ్రి యొకడుండును. బోడితల, బిడ్డ ఎదమీద కుట్ల గురుతు. వాని వెనుక రెండు మూడడుగుల దూరమున, కొంగున ఒక చిన్న పటము దాచుకొనిన స్త్రీ యుండును. ఆమె ఈ యేడు ఒంటరిగా వచ్చినది. ఇరువురికిని దొరకునది క్షణమాత్రమే. గోవింద నామముల నడుమ, పదండి పదండి యని సేవకులు ముందుకు సాగనంపుదురు. దూరమునుండి దీపపు వెలుగులో ఆ గడప కనబడును. దాని ఆవల స్వామి.